తొమ్మిదేళ్ల దుబాసీ

"మేము ఇటలీలోని టొరినో వచ్చి అయిదేళ్లయింది. మావారు కార్ల డిజైన్ కంపెనీలో ఇంజనీరు. పాపకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. బాబుకి నాలుగేళ్లు. నాకు ఇటాలియన్ కొంత అర్థమవుతుంది గానీ నోరు పెగలదు. స్కూలు, డాక్టరు, కరెంటు బిల్లు, అన్నిటికీ పాపే నాకు దిక్కు. మొన్న చలికాలంలో కన్సుల్తోరియోకి, అంటే ఆడవాళ్ల ఆరోగ్య కేంద్రానికి కూడా తననే తీసుకెళ్లాను. అలాంటి పిల్ల ఈమధ్య మారిపోయింది. తెలుగులో అడిగితే ఇటాలియన్‌లో జవాబిస్తోంది. స్కూలు గేటు దగ్గర 'నువ్వు మాట్లాడకమ్మా' అంది. వచ్చేవారం క్లాసు వీడ్కోలు పార్టీకి నన్ను రావద్దంది. అత్తగారు ఫోన్ చేస్తే ముక్తసరిగా రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తుంది. 'పిల్లకి పొగరెక్కింది, ఈ మూణ్ణెల్లూ తెనాలి పంపించు, నేను దారిలో పెడతా' అంటున్నారు ఆవిడ. మావారు సరేనన్నారు. పంపమంటారా?"
- ఒక తల్లి, టొరినో

పంపొద్దమ్మా. మీ పాపకి బడి మూసే వారంలోనే ఆంధ్రాలో బడులు తెరుస్తారు, జూన్ 12 అటూ ఇటూగా. అక్కడి పిల్లలు పొద్దున్నే బస్సెక్కిపోతే ఈ పిల్ల నాయనమ్మతో, టీవీతో మిగులుతుంది. బాబు వెళ్లే నర్సరీ బడి, స్కువోలా దెల్ ఇన్ఫాన్‌త్సియా, జూన్ 30 దాకా నడుస్తుంది కాబట్టి మీరు వెంట వెళ్లలేరు. 'ఎదురు మాట్లాడినందుకు నన్ను ఊరికి పంపేశారు' అన్నది ఆ పిల్ల మనసులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఆ ప్రశ్న ఇక్కడితో వదిలేయండి.

మీరు రాసిన ఉత్తరంలో నన్ను కుదిపిన మాట వేరే ఉంది. కన్సుల్తోరియోకి తననే తీసుకెళ్లానని ఒక్క వాక్యంలో రాసి దాటిపోయారు. అక్కడ గదిలో ఏం అడుగుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆఖరి నెలసరి ఎప్పుడు, రక్తస్రావం ఎంత, ఇంకా పిల్లలు కావాలా, ఏం జాగ్రత్త తీసుకుంటున్నారు. వీటిలో కొన్నైనా ఆ పిల్ల నోటి మీదుగా వెళ్లి ఉంటాయి. ఏ భాషలోనూ ఇంకా తనకి అర్థం తెలియని మాటలు తను రెండు భాషల్లో పలికింది. ఆ తర్వాత ఇంటికొచ్చి హోంవర్క్ చేసుకుంది. దాని గురించి తనతో ఎవరైనా మాట్లాడారా? మాట్లాడినట్టు మీరు రాయలేదు.

మీ అత్తగారు పొగరంటున్నదాన్ని నేను అలసట అంటాను. చక్కదిద్దుకోవాల్సింది మీకూ పాపకీ మధ్య ఉన్నది. అత్తగారి మాట, మీవారి సరేనూ దాని తర్వాతివి.

ఆడపిల్ల తల్లికి సాయం చేయడం మన ఇళ్లలో మామూలే, చేయాలి కూడా. గిన్నెలు సర్దనివ్వండి, తమ్ముణ్ణి కాసేపు చూడనివ్వండి. గిన్నె పగిలితే గిన్నెతో పోతుంది. కానీ మందు మోతాదు తప్పు చెప్పినా, సంతకం పెట్టే కాగితంలో ఒక మాట వదిలేసినా ఆ తప్పు తనదే అవుతుందని పిల్లకి తెలుసు. పైగా టీచరుతో మాట్లాడే కొల్లోక్వికి వెళ్లినప్పుడు తన గురించి టీచరు చెప్పేది తనే మీకు చెప్పాలి. తన మీద వచ్చిన ఫిర్యాదుకి తనే దుబాసీ. ఉన్నది ఉన్నట్టు చెబితే తిట్లు, మార్చి చెబితే అబద్ధం. ఏ పిల్లనీ అలా నిలబెట్టకూడదు.

తెలుగులో ఎందుకు జవాబివ్వడం లేదో కూడా ఇక్కడే ఉంది. ఒక్క రోజు మీరు పాపతో తెలుగులో అనే మాటలు కాగితం మీద రాయండి. 'ఆవిడేమంటోంది?' 'ఈ మెసేజ్ చదువు.' 'ఫోనెత్తి అమ్మ స్నానంలో ఉందని చెప్పు.' ఆ పిల్ల చెవిలో తెలుగు పని పురమాయించే భాషగా మారిపోయింది. తెలుగు పలకగానే ఏదో ఒక పని మెడకి చుట్టుకుంటోంది. ఇటాలియన్‌లో స్నేహితులున్నారు, ఆటలున్నాయి, నవ్వులున్నాయి. తను ఎటు మొగ్గుతుంది?

ముందు పాపతో మాట్లాడండి. అన్నాలయ్యాక, బాబు నిద్రపోయాక, పాప పక్కన కూర్చుని చెప్పండి. ఈ రోజుల్లో టొరినోలో తొమ్మిదింబావు దాటితే గానీ పొద్దు గుంకదు కాబట్టి పిల్లలు తొందరగా పడుకోరు, ఆ సమయం వాడుకోండి. 'డాక్టరు దగ్గరికి నిన్ను తీసుకెళ్లడం నా తప్పు. ఇకనుంచి ఆ పని నీది కాదు, నాది.' అంతే. కారణాలు చెప్పొద్దు, ఏడవొద్దు. మీరు ఏడిస్తే మిమ్మల్ని ఓదార్చే పని కూడా తన మీదే పడుతుంది. పిల్ల ముందు తల్లి తప్పు ఒప్పుకుంటే చులకనైపోతుందని అనేవాళ్లుంటారు. గేటు దగ్గర పిల్ల వెనకాల నిలబడుతున్నప్పుడే చులకన అయ్యేది.

ఆ మాట ఇచ్చాక నిలబెట్టుకోవడానికి మీకు అయిదు వాక్యాలు కావాలి. వీటిని అద్దం ముందు నిలబడి, గట్టిగా, రోజుకి పదిసార్లు పలకండి. మనసులో చదువుకుంటే నోరు తిరగదు. 'పార్లొ ఇయొ, గ్రాత్సియె', నేనే మాట్లాడతాను. 'నోన్ ఒ కపీతొ', నాకు అర్థం కాలేదు. 'పువొ పర్లారె ప్యు ప్యానొ?', కాస్త నెమ్మదిగా చెప్తారా? 'పువొ స్క్రీవెర్లొ?', రాసిస్తారా? అన్నిటికంటే ముఖ్యమైనది అయిదోది: 'పార్లి కోన్ మె, లెయ్ ఎ ఉనా బంబీనా', నాతో మాట్లాడండి, తను చిన్నపిల్ల. ఇవన్నీ టీచర్లతో, డాక్టర్లతో, ఆఫీసుల్లో అనే రూపాలు, మన 'మీరు' లాంటివి. తోటి తల్లులతో 'నువ్వు' చాలు: 'పువొయ్ పర్లారె ప్యు ప్యానొ?'

మొదటి రెండు వారాలూ ఇబ్బందిగానే ఉంటుంది. ఎదుటివాళ్లకి తొందర, అందుకని అలవాటుగా పాప వైపు తిరిగి మాట్లాడతారు. అప్పుడు పాప భుజం మీద చెయ్యి వేసి అయిదో వాక్యం అనండి. పాప ఆగలేక మధ్యలో అందుకుంటుంది, మీ ఉచ్చారణ నలుగురిలో దిద్దుతుంది. దిద్దితే థాంక్స్ చెప్పి, దిద్దినట్టే మళ్లీ పలకండి. కోప్పడితే పని చెడిపోతుంది. ఇంకో పొరపాటు మనవాళ్లందరూ చేసేది: అర్థం కాకపోయినా 'సీ, సీ' (అవునవును) అని తలూపడం. అవతలివాళ్లు మీకు అర్థమైందనుకుని ముందుకి వెళ్లిపోతారు, మీరు ఏం ఒప్పుకున్నారో ఇంటికొచ్చి పాపని అడుగుతారు. ఆ 'సీ' ఒక్కటి మానేస్తే సగం పని అయినట్టే.

ఇక డాక్టర్ల సంగతి. కన్సుల్తోరియోలు 1975లో వచ్చిన 405 నంబరు చట్టంతో ఏర్పడినవి. అక్కడ గైనకాలజిస్టే కాదు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు కూడా ఉంటారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే 'మెదియాత్రీచె కుల్తురాలె' కావాలని అడగండి. భాష తెలిసిన ఒక ఆడమనిషిని ఆ వేళకి పిలిపించడం అన్నమాట. అక్కడికి వెళ్లాక అడిగితే మనిషి దొరకదు, అందుకే ముందే చెప్పాలి. తెలుగు దొరకడం కష్టం. హిందీ గానీ ఇంగ్లిష్ గానీ, మీకు ఏది సులువైతే అది అడగండి. పెద్ద ఆసుపత్రుల్లోనూ ఇదే మాట అడగొచ్చు. ఆ రోజుకి ఎవరూ కుదరకపోతే మీవారు సెలవు పెట్టి రావాలి. ఆయనకి ఆ ప్రశ్నలు వినడం మొహమాటంగా ఉంటే ఉండనివ్వండి. పాపకి లేని మొహమాటమా? అత్యవసరానికి 112కి ఫోన్ చేసినప్పుడు 'ఇంగ్లిష్' అన్న ఒక్క మాట చాలు, అక్కడ భాష తెలిసినవాళ్లని లైన్లో కలుపుతారు. అర్ధరాత్రి బాబుకి జ్వరం వచ్చినా పాపని నిద్ర లేపక్కర్లేదు.

వాట్సాప్‌లో తల్లులు పంపే వాయిస్ మెసేజ్‌లు ఫోనే అక్షరాల్లోకి మార్చి, అనువాదం చేసి పెడుతుంది. కొలెట్టాకి, అంటే అందరూ కలిసి వేసుకునే చందాకి డబ్బులెంత, ఎన్నింటికి రావాలి, ఇలాంటివాటికి అది సరిపోతుంది. సంతకం పెట్టే కాగితాలకీ మందులకీ దాన్ని నమ్మొద్దు.

భాష నేర్చుకోవడానికి చిపియా అని ప్రభుత్వం నడిపే పెద్దల బడులున్నాయి, టొరినోలో ఒకటి కంటే ఎక్కువే. చదువు ఉచితం. ఏ-1 మెట్టుకి 100 గంటలు, ఏ-2కి 80, చేరిక, స్థాయి పరీక్షలకి ఇంకో 20. తరగతులు శరత్కాలంలో మొదలవుతాయి గానీ, పేరివ్వడానికి ఈ జూన్‌లోనే వెళ్లండి. బడుల లాగే వాళ్లూ ఎండాకాలం తలుపులు మూస్తారు, సెప్టెంబర్‌లో వరస పొడుగ్గా ఉంటుంది. మీవారికి ఒక మాట చెప్పండి: అయిదేళ్లు నిండాయి కాబట్టి దీర్ఘకాల నివాస అనుమతి పత్రానికి (పెర్మెస్సొకి) అడగాలంటే మీకు ఏ-2 స్థాయి చూపించాలి. ఇల్లాలికి భాష ఎందుకనేవాళ్లు కూడా దీనికి కాదనలేరు. వారంలో రెండు సాయంత్రాలు ఆరు గంటలకల్లా ఆయన ఇంటికి రావడం ఈ ఏర్పాటులో భాగం. కరెంటు బిల్లు, బ్యాంకు, పెర్మెస్సొ కాగితాలు, స్కూలు వెబ్‌సైట్లో పజెల్లా (మార్కుల పత్రం) చూడటం కూడా ఈ నెల నుంచి ఆయనవే. పాప మార్కుల కాగితం పాప చేత చదివించుకోవద్దు, ఇద్దరూ కూర్చుని చదవండి. అయిదేళ్లుగా తొమ్మిదేళ్ల పిల్ల మోస్తున్నదాన్ని పంచుకోమంటే ఆయనకి భారం అనిపించకూడదు.

సెలవుల్లో పాప ఏం చేయాలని అడగలేదు గానీ అడగాల్సింది. కొమూనె (మున్సిపాలిటీ) నడిపే వేసవి శిబిరాలకి వసంతంలోనే పేర్లు ఇచ్చేస్తారు, ఇప్పుడు దొరకడం కష్టం. చర్చి పక్కన పిల్లల కోసం ఉండే ఒరతోరియోల్లో 'ఎస్తాతె రగాత్సి' అనే వేసవి శిబిరానికి మాత్రం వారం లెక్కన చేర్చుకుంటారు, చవక కూడా. పొద్దున ఒక చిన్న ప్రార్థన ఉంటుంది, వేరే మతాల పిల్లలూ అక్కడికి వస్తారు. గొడ్డు మాంసం, పంది మాంసం తినదని ఫారంలో రాయండి. ఈత రోజున నెత్తికి టోపీ తప్పనిసరి, అది లేకపోతే నీళ్లలోకి దిగనివ్వరు. చెప్పులు, తువ్వాలు, టోపీ, నీళ్ల సీసా, ఎండ క్రీము, అన్నిటి మీదా పేరు రాసి పంపండి. తీసుకురావడానికి మీరిద్దరూ కాక ఇంకెవరైనా వెళ్లాల్సి వస్తే 'దెలేగా' కాగితం, అంటే మీరు వాళ్లకి ఇచ్చే అనుమతి పత్రం, దానికి జతగా వాళ్ల గుర్తింపు కార్డు నకలు ముందే ఇవ్వాలి. ఈ ఫారం మీరే నింపండి, మీ చేతిరాతతో. పేరు, పుట్టిన తేదీ, కోదిచె ఫిస్కాలె (పన్ను గుర్తింపు సంఖ్య), ఫోను, అలర్జీలు, అన్ని ఫారాల్లోనూ దాదాపు ఇవే. ఒకసారి నింపితే మళ్లీ భయం ఉండదు.

అత్తగారి ఫోను సంగతి చిన్నది. ఎండాకాలం ఇక్కడికీ తెనాలికీ తేడా మూడున్నర గంటలు. ఆవిడ రాత్రి ఎనిమిదింటికి తీరిగ్గా చేస్తే మీకు సాయంత్రం నాలుగున్నర, బడి వదిలే వేళ. ఆకలితో, బ్యాగుతో రోడ్డు మీద ఉన్న పిల్ల ముక్తసరిగా కాక ఇంకెలా మాట్లాడుతుంది? ఆదివారం పొద్దున పదింటికి, అంటే అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి చేయమని చెప్పండి. నాయనమ్మని పాపకి బుద్ధి చెప్పమనకండి, ఒక కథ చెప్పమనండి. తెలుగు తిరిగొచ్చే దారి అదే. మీరు కూడా సాయంత్రాలు అష్టాచెమ్మా గీసి ఆడండి, ఆ గంటలో ఒక్క పని కూడా చెప్పకుండా.

తెనాలికి ఆగస్టులో నలుగురూ కలిసి వెళ్లండి, ఫెర్రగోస్తొ (ఆగస్టు నడిమి పండగ సెలవు) రోజుల్లో ఎలాగూ మీవారి ఆఫీసు పల్చబడుతుంది. మీలో ఎవరి పెర్మెస్సొ అయినా రెన్యువల్‌లో ఉండి చేతిలో రసీదు మాత్రమే ఉంటే ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ మీదుగా టికెట్ తీసుకోవద్దు. ఇటలీ నుంచి నేరుగా గానీ, గల్ఫ్ మీదుగా గానీ వెళ్లి, అలాగే తిరిగి రావాలి.

ఇక వచ్చేవారం పార్టీ. వెళ్లండి. పాప రావద్దంది కదా అని ఇంట్లో కూర్చుంటే తను సిగ్గుపడటం సబబేనని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. రాత్రే చెప్పండి: 'నేను వస్తున్నా. ఎవరేమంటున్నారో నిన్ను అడగను. నువ్వు ఆడుకో.' రోజూ కట్టుకునే బట్టలే కట్టుకోండి. పిల్లకి మీ బట్టలతో ఇబ్బంది లేదు, అందరూ ఆడుతుంటే తను మీ పక్కన నిలబడాల్సి రావడంతోనే. తినడానికి ఏం తేవాలో క్లాసు తల్లుల ప్రతినిధిని మీరే మెసేజ్ పెట్టి అడగండి. బడి లోపలైతే చాలాచోట్ల ఇంటి వంట ఒప్పుకోరు, వివరాలు అచ్చేసిన ప్యాకెట్లే తెమ్మంటారు. పార్కులో అయితే పులిహోర చేసుకెళ్లండి. ఎవరో ఒకరు వచ్చి ఇందులో ఏముందని అడుగుతారు. రీజొ, లిమోనె, కుర్కుమా, అరాకిది. బియ్యం, నిమ్మకాయ, పసుపు, వేరుశనగ. అరాకిది మాత్రం అడక్కముందే చెప్పండి, అది పడని పిల్లలు ఉంటారు.