సదస్సులో మన సంస్థ తరఫున పోస్టులు పెట్టబోయే తమ్ముడికి

తమ్ముడూ,

ఐఏపీసీ సదస్సుకి మనవాళ్లతో నువ్వూ వెళ్తున్నావని, అక్కడ సోషల్ మీడియా పనంతా నీకే అప్పగించారని తెలిసి చాలా సంతోషం వేసింది. "మన పేరు బాగా కనబడాలంటే రోజుకి ఎన్ని పోస్టులు పెట్టాలక్కా?" అని అడిగావు. ఐదారు చాలు. కానీ అంతకంటే ముందు, అవి ఎవరి కోసం పెడుతున్నావో నీకు స్పష్టంగా తెలియాలి. ఈ ఉత్తరం దాని గురించే.

ఐఏపీసీ అంటే ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్, తీవ్రమైన జబ్బులున్నవాళ్ల నొప్పినీ బాధనీ తగ్గించే ఉపశమన చికిత్స (పాలియేటివ్ కేర్) చేసేవాళ్ల సంఘం. అది 1994లో మొదలైంది. దాని వార్షిక సదస్సుకి దేశం నలుమూలల నుంచీ డాక్టర్లు, నర్సులు, సోషల్ వర్కర్లు, వాలంటీర్లు వస్తారు. అయితే రాలేనివాళ్లే ఎక్కువ. తన డ్యూటీ చూసుకోవడానికి ఇంకో మనిషి లేని జిల్లా ఆసుపత్రి నర్సు ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఫీజు, రైలు టికెట్టు, లాడ్జి ఖర్చు కలిపితే నెల జీతంలో సగం పోయే వాలంటీరు ఉంటాడు. హాల్లో వినబడిన పనికొచ్చే మాటని వాళ్లకి చేరవెయ్యి. మన పేరు ఆ మాటతోపాటే వెళ్తుంది. మన బ్యానర్ ముందు నిలబడి తీసుకున్న ఫోటోలు ఎన్ని పెట్టినా లైకులు కొట్టేది మనవాళ్లే. అలాంటిది మొదటి రోజు ఒకటి పెట్టు, చాలు.

సదస్సుకి వారం ముందే సగం పని అయిపోవాలి. నిర్వాహకులు ఏ హ్యాష్‌ట్యాగ్ వాడమంటున్నారో కనుక్కుని అక్షరం తేడా లేకుండా అదే వాడు. మన సంస్థ పేరుతో సొంతంగా ఒకటి తయారుచేద్దామని కమిటీలో ఎవరైనా అంటే ఒప్పుకోకు. దాన్ని మనం తప్ప ఎవరూ వెతకరు. అసలు హ్యాష్‌ట్యాగ్ పుట్టిందే ఇలాంటి సమావేశాల దగ్గర. 2007 ఆగస్టులో క్రిస్ మెస్సినా ట్విట్టర్‌లో ఈ పద్ధతిని సూచించినప్పుడు ఆయన ఇచ్చిన ఉదాహరణ బార్‌క్యాంప్ అనే సమావేశమే. ఒకే విషయం మాట్లాడుకుంటున్న వాళ్లందరూ ఒకచోట కనబడాలన్నది దాని ఉద్దేశం. మనం వేరే గుర్తు పెట్టుకుంటే ఆ గుంపులోంచి మనంతట మనమే బయటికి వెళ్లినట్టు.

ఇంగ్లీషు హ్యాష్‌ట్యాగ్‌లో రెండు మూడు పదాలు కలిసి ఉంటే ప్రతి పదం మొదటి అక్షరాన్నీ పెద్దక్షరంగా రాయి. చూపు లేనివాళ్ల ఫోన్లు అప్పుడే వాటిని సరిగా చదివి వినిపిస్తాయి. చూపున్నవాళ్లకీ ఇది అవసరమే. 2013 ఏప్రిల్‌లో బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ చనిపోయినప్పుడు, అన్నీ చిన్నక్షరాలతో ఉన్న #nowthatchersdead అనే హ్యాష్‌ట్యాగ్‌ని కొందరు వేరేచోట విడదీసి "now that Cher's dead" అని చదివారు. గాయని షేర్ చనిపోయిందనుకుని కంగారుపడ్డారు.

ప్రోగ్రామ్ చేతికి రాగానే మన పనికి దగ్గరగా ఉన్న సెషన్లు గుర్తుపెట్టుకో. ఇంటి దగ్గరి సేవలు, నొప్పి మందుల లభ్యత, పిల్లలకి ఉపశమన చికిత్స, సంరక్షకుల అలసట, ఇలాంటివి. ఆ వక్తల పేర్లు, హోదాలు, పనిచేసే చోటు సరిగ్గా రాసి పెట్టుకో. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు డాక్టర్లు ఉంటారు కాబట్టి అకౌంట్ తెరిచి, ఆ మనిషేనని నిర్ధారించుకున్నాకే ట్యాగ్ చెయ్యి. అనుమానం ఉంటే పేరు రాసి ఊరుకో, ట్యాగ్ వద్దు. సెషన్ పేరు, వక్త పేరు, హ్యాష్‌ట్యాగ్‌తో డ్రాఫ్టులు ముందే ఫోన్‌లో ఉంటే హాల్లో నువ్వు రాయాల్సింది ఒక్క వాక్యమే. అప్పుడు మనసు పెట్టి వినగలవు.

ఎక్కడెక్కడ పెట్టాలంటే, అన్నిచోట్లా ఉండాలని చూడకు. డాక్టర్లు, పరిశోధకులు, పాలసీ గురించి ఆలోచించేవాళ్లు ఎక్స్‌లోనూ లింక్డ్‌ఇన్‌లోనూ ఉంటారు. ఎక్స్‌లో మామూలు అకౌంట్‌కి 280 అక్షరాలే కదా, తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి తొందరగా నిండిపోతాయి. అందుకని అక్కడ ఇంగ్లీషులో చిన్నగా రాయి. మన నర్సులు, ఆశా కార్యకర్తలు, వాలంటీర్లు, మనం చూసే కుటుంబాలు ఉండేది వాట్సాప్‌లో. వాళ్ల కోసం రోజూ సాయంత్రం రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ తెలుగులో పంపు. "ఈ రోజు ఒక డాక్టరుగారు మంచం మీదున్నవాళ్లకి పుండ్లు పడకుండా ఏం చెయ్యాలో చెప్పారు" అని మొదలుపెట్టి, ఇంట్లో మాట్లాడినట్టే చెప్పు. స్టేటస్‌లో మాత్రమే పెడితే 24 గంటల్లో పోతుంది. గ్రూపులో పెడితే బస్సులో వెళ్తూ కూడా మళ్లీ వింటారు. నువ్వు చెయ్యబోయే పనుల్లో అందరికన్నా ఎక్కువ మందికి ఉపయోగపడేది ఇదేనని నా గట్టి నమ్మకం.

హాల్లో ఉన్నప్పుడు ఒక పోస్టులో ఒకే విషయం చెప్పు. ఎవరన్నారో రాయి. వాళ్ల మాట ఎక్కడ అయిపోయిందో, నీ అభిప్రాయం ఎక్కడ మొదలైందో చదివేవాళ్లకి తెలియాలి. అంకె వినబడితే పక్కవాళ్లని అడిగో, స్లయిడ్ మళ్లీ చూసో సరిచూసుకో. సందేహం మిగిలితే వదిలెయ్యి. మందుల మోతాదులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోస్టు చెయ్యొద్దు. 2.5 మిల్లీగ్రాముల్లో చుక్క జారితే 25 అవుతుంది. వక్త చెప్పింది ఏ వయసు రోగి గురించో, కిడ్నీలు ఎలా ఉన్నప్పుడో ఆ పోస్టులో ఉండదు. దాన్ని చూసి ఎవరో ఇంట్లో మార్ఫిన్ సీసా తెరిస్తే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

మార్ఫిన్ గురించి రాయాల్సింది వేరే ఉంది. "మార్ఫిన్ మొదలుపెట్టారంటే ఇక రోజులు దగ్గరపడ్డట్టే" అని మన ఊళ్లలో ఇంకా భయపడతారు. డాక్టరు పర్యవేక్షణలో సరిగ్గా ఇస్తే అది నొప్పి తగ్గించే మందే, నెలల తరబడి వాడుతూ తమ పనులు తాము చేసుకునేవాళ్లున్నారు. ఆసుపత్రులకి ఇలాంటి మందులు సులువుగా అందాలని 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని (మత్తుమందుల నియంత్రణ చట్టం) సవరించారు కూడా. ఆ మాట సదస్సులో ఎవరైనా పెద్దవాళ్లు తేలిగ్గా అర్థమయ్యేలా చెబితే, అనుమతి అడిగి నిమిషం వీడియో తియ్యి. అలాంటి ఒక్క వీడియో మన కరపత్రాలన్నిటికన్నా ఎక్కువ దూరం వెళ్తుంది.

స్లయిడ్ల ఫోటోల దగ్గర జాగ్రత్త. ఇంకా ప్రచురించని పరిశోధన అయితే, ఫోటో బయటికి రావడం వల్ల వాళ్లకి ఇబ్బంది కావచ్చు. 2017 జూన్‌లో శాన్‌డియేగోలో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సదస్సు జరిగినప్పుడు, స్లయిడ్ల ఫోటోలు పెట్టినవాళ్లని వాటిని తీసెయ్యమని ఆ సంస్థే ట్విట్టర్‌లో అడిగింది. దాని మీద వైద్యుల్లో పెద్ద వాదనే నడిచింది. విజ్ఞానం అందరికీ చేరాలన్న ఫోటోలు పెట్టినవాళ్ల మాటలో న్యాయం ఉందనే నేనూ అనుకుంటాను. అయినా మనం వెళ్లేది అతిథులుగా. నిర్వాహకుల నియమం ముందే చదువు. వక్త కనబడితే "ఇది పెట్టొచ్చా సార్" అని ఒక్క మాట అడుగు. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, ఆ వంకన పరిచయమూ అవుతుంది.

ఇక రోగుల ఫోటోలు. ఇక్కడ నేను కొంచెం కఠినంగానే చెప్తాను, ఏమీ అనుకోకు. మన స్టాల్ కోసం, పోస్టుల కోసం "గుండె కరిగించే" ఫోటో కావాలని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఎముకల గూడులా ఉన్న మనిషి, పక్కన కన్నీళ్లతో భార్య. అలాంటిది పెడితే షేర్లు వస్తాయి, నిజమే. పెట్టొద్దు. "వాళ్లు సంతకం చేశారు కదా" అంటారు. వారం వారం మన నర్సు వచ్చి గాయం కడిగి కట్టు కడుతుంటే, మనం అడిగినప్పుడు కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికి ఉంటుంది? రేపు ఆయన పోయాక, పదేళ్లకి ఆయన కూతురు ఫోన్‌లో ఆ ఫోటో చూస్తుంది. తండ్రి ఆమెకి అలా గుర్తుండాలా? చేతులు చూపించు. నర్సు సంచి చూపించు. మన వ్యాన్ వెళ్లే మట్టిరోడ్డు చూపించు. ఎవరైనా కోలుకుని తమంతట తాము వచ్చి "నా కథ చెప్పండి" అంటే, అప్పుడు కూడా పోస్టు వాళ్లకి చూపించి, చదివి వినిపించి, తర్వాత ఎప్పుడు తీసెయ్యమన్నా తీసేస్తామని చెప్పి పెట్టు.

ఫోటో లేకపోయినా మనిషి తెలిసిపోవచ్చు. ఊరి పేరు, వయసు, జబ్బు, ఈ మూడూ కలిపి రాస్తే ఆ మండలంలో ఎవరి గురించో అందరికీ అర్థమవుతుంది. గర్భాశయ క్యాన్సర్ లాంటివైతే ఆ ఇంట్లో ఆడపిల్లల పెళ్లిమాటల దాకా వెళ్తుంది. వక్తలు చూపించే కేసుల్లో రోగి ముఖం కనబడితే ఆ స్లయిడ్‌కి కెమెరా ఎత్తనే వద్దు. అది ఆ హాల్లో ఉన్నవాళ్లు నేర్చుకోవడానికి చూపించింది, బయటి ప్రపంచానికి కాదు.

కమిటీలో ఎవరూ ముందు ఆలోచించని సంగతి ఇంకొకటుంది. నీ పోస్టులు చూసేది వైద్యరంగం వాళ్లే కాదు. ఎక్కడో ఒక అబ్బాయి తల్లి నొప్పి చూడలేక రాత్రి రెండు గంటలకి ఫోన్‌లో వెతుకుతూ నీ పోస్టు దగ్గర ఆగుతాడు. "సార్, మా అమ్మకి నొప్పి తగ్గడం లేదు, ఏం చెయ్యాలి" అని మెసేజ్ పెడతాడు. సదస్సు రోజుల్లో మన పేరు ఎక్కువగా కనబడుతుంది కాబట్టి ఇవి పెరుగుతాయి. నువ్వు సెషన్ల మధ్య పరుగులు పెడుతూ వాటిని చూసుకోలేవు. అందుకే వెళ్లేముందే ఊళ్లో ఉండే ఒకరికి ఈ బాధ్యత అప్పగించు. జవాబులో మందు చెప్పకూడదు. ఎక్కడికి వెళ్లాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పాలి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తెలంగాణ జిల్లాల్లో ఆలన పేరుతో ప్రభుత్వ సేవలున్నాయి. విశాఖ వైపు వాళ్లకి అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఈ చోట్లకి మీరే ఫోన్ చేసి, ఏ రోజు ఎవరు చూస్తారో కనుక్కుని జాబితా రాసుకోండి. ఎన్ని వేల మంది చూసినా, ఆ అబ్బాయికి జవాబు వెళ్లకపోతే మన ప్రచారానికి అర్థం లేదు.

మిగతా సంస్థల గురించి మంచిగా రాయి, అదీ ధారాళంగా. కేరళ 2008లోనే ఉపశమన చికిత్సకి రాష్ట్ర విధానం తెచ్చుకుంది. అక్కడినుంచి వచ్చే వాలంటీర్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది, ఆ మాట బాహాటంగానే చెప్పు. పోస్టర్లు పెట్టే హాలుకి తప్పకుండా వెళ్లు. కుర్ర డాక్టర్లు, నర్సులు తమ పోస్టర్ పక్కన గంటల తరబడి నిలబడి ఉంటారు, ఆగి అడిగేవాళ్లు తక్కువ. ఒక్కొక్కరి దగ్గర ఐదు నిమిషాలు ఆగు. వాళ్లని అడిగి ఫోటో తీసి, వాళ్లు కనుక్కున్నదేమిటో ఒక వాక్యంలో రాసి ట్యాగ్ చెయ్యి. పెద్ద వక్త గురించి యాభై మంది రాస్తారు. ఆ నర్సు గురించి రాసేది నువ్వొక్కడివే. తర్వాత మనకి నిజంగా స్నేహితులయ్యేది, ఫోన్ చేస్తే పలికేది అలాంటివాళ్లే.

సదస్సు హ్యాష్‌ట్యాగ్ కింద విరాళాలు అడగొద్దు. అక్కడున్న అందరి సంస్థలకీ డబ్బు అవసరమే. మన స్టాల్‌లో క్యూఆర్ కోడ్ పెట్టు, అడిగినవాళ్లకి చూపించు, అంతే.

చిన్న చిన్న విషయాలు కొన్ని. పవర్ బ్యాంకు రెండు తీసుకెళ్లు. హాల్లో సిగ్నల్ అందకపోతే టెన్షన్ పడకు, నోట్స్‌లో రాసుకుని టీ విరామంలో పెట్టు. మంచి మాట అరగంట ఆలస్యమైనా పాడైపోదు. ముందు వరసలో ఫోన్ ఎత్తి పట్టుకోకు, పక్కన గోడ దగ్గర నిలబడి ఫ్లాష్ లేకుండా తియ్యి. మనవాళ్లలో ఇంకొకరితో పూటలు పంచుకుని, నువ్వూ కొన్ని సెషన్లు ఫోన్ జేబులో పెట్టుకుని విను. భోజనం మానొద్దు.

తిరిగొచ్చాక వారంలోపు, వేడి తగ్గకముందే, పరిచయమైన ప్రతి మనిషికీ విడివిడిగా మెసేజ్ పెట్టు. ఏం మాట్లాడుకున్నారో గుర్తుచేస్తూ రాయి. అందరికీ ఒకే మెసేజ్ పంపిస్తే అది తెలిసిపోతుంది. కమిటీకి రిపోర్టు ఇచ్చేటప్పుడు లైకుల లెక్క ఒక వరసలో రాసి వదిలెయ్యి. ఎంతమంది కుటుంబాలు సాయం అడిగాయి, వాళ్లలో ఎంతమందిని ఎవరికి అప్పగించాం, ఏ నర్సు ఐఏపీసీ సర్టిఫికెట్ కోర్సు గురించి వాకబు చేసింది, ఏ సంస్థ కలిసి పనిచేద్దామంది, ఇవి వివరంగా రాయి. అధ్యక్షులవారు లైకులే ఎందుకు తక్కువని అడిగితే ఈ పేజీ చూపించు.

ప్రోగ్రామ్ రాగానే నాకూ ఒక కాపీ పంపు. ఏ సెషన్‌కి నువ్వు వెళ్లాలో, దేనికి మిగతావాళ్లు వెళ్లాలో ఫోన్‌లో మాట్లాడుకుందాం. సాయంత్రం ఏడు దాటాక ఎప్పుడైనా చెయ్యి.

ఆశీస్సులతో,
మీ అక్క