తక్‌పట్టీలన్నిటికీ ‘చెల్లించాం’ అని ఎందుకు వస్తోంది?

తమ్మీ, నువ్వు అడిగింది ఇది: వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (రైతు సరుకు అమ్మిపెట్టే కమిషన్) దుకాణానికి పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో యాప్ చేసినవ్. దుకాణం కంప్యూటర్‌లో బాకీలు సరిగ్గానే ఉన్నాయి. రైతు ఫోన్‌లో మాత్రం ప్రతి తక్‌పట్టీ (సరుకు అమ్మాక రైతుకిచ్చే లెక్క చీటీ) మీదా ‘చెల్లించాం’ అని పడుతోంది.

డేటా చెడిపోలేదు. చెల్లించామా లేదా అని చెప్పే ‘పెయిడ్’ కాలమ్‌కు మైఎస్‌క్యూఎల్‌లో బూలియన్ (ట్రూ లేదా ఫాల్స్) అని రాసినా అది టైనీఇంట్(1)గానే, అంటే చిన్న అంకెగానే ఉంటుంది: కట్టితే 1, బాకీ అయితే 0. పీహెచ్‌పీ 8.1 కంటే పాతదైతే, పీడీఓలో (పీహెచ్‌పీ డేటాబేస్‌తో మాట్లాడే భాగం) ఎమ్యులేటెడ్ ప్రిపేర్ (క్వెరీని డేటాబేస్ బదులు పీడీఓయే సిద్ధం చేసే పద్ధతి) ఆన్‌లో ఉంటే (డిఫాల్ట్ అదే) ఆ సున్నా అంకెగా రాదు, స్ట్రింగ్‌గా, అంటే అక్షరంగా వస్తుంది. పీహెచ్‌పీ "0"ను ఫాల్స్ అనుకుంటుంది, అందుకే దుకాణం పేజీ బాగుంది. ఫోన్ స్క్రీన్ నడిపే జావాస్క్రిప్ట్‌కు ఖాళీగా లేని ఏ స్ట్రింగైనా ట్రూ, "0" కూడా. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్‌లో జేసాన్ (సర్వర్ పంపే డేటా) చూడు, సున్నాకు అటూ ఇటూ కోట్ గుర్తులు (" ") ఉంటాయి.

ప్రతి స్క్రీన్‌లో విడివిడిగా సరిచేయకు. డేటాబేస్ నుంచి వరుస చదివే ఆ ఒక్క ఫంక్షన్‌లోనే (ఇంట్)గా మార్చి 1తో మూడు ఈక్వల్స్ (===) పెట్టి పోల్చు, జేసాన్‌లోకి అసలైన ట్రూ, ఫాల్స్ వెళ్తాయి. 8.1కి మారితే చాలనుకోకు. అప్పుడు అంకె 0 వస్తుంది, ‘=== ఫాల్స్’ అని రాసిన చోట మళ్లీ తప్పుతుంది. రేపు పోస్ట్‌గ్రెస్‌కు (ఇంకో డేటాబేస్) మారి పీజీ_ఫెచ్_అసోక్ వాడితే 't', 'f' అనే అక్షరాలు వస్తాయి. పీహెచ్‌పీకి 'f' కూడా ట్రూనే. అప్పుడు ఆ ఒక్క ఫంక్షన్ మారిస్తే సరిపోతుంది.

ఇంతకంటే నష్టం చేసేది నల్, అంటే ఏ విలువా నింపని గడి. ‘పెయిడ్ = 1’ అన్నా, ‘పెయిడ్ = 0’ అన్నా నల్ ఉన్న వరుస రాదు. చెల్లించిన పట్టీల లిస్టులో ఉండదు, బాకీల లిస్టులో ఉండదు, ఆ రైతు పైసలు ఎవరి కంటా పడవు. ముందు గ్రూప్ బై పెయిడ్‌తో కౌంట్ తీయి. 0, 1 కాకుండా ఇంకేమైనా కనిపిస్తే, టైనీఇంట్(1)లో 2 కూడా పడుతుంది కాబట్టి, వాటిని కాగితం పట్టీలతో సరిచూసి 0 గానీ 1 గానీ చెయ్యి. గుడ్డిగా అన్నీ సున్నా చేస్తే ఇచ్చిన పైసలు మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. ఆ తర్వాతే కాలమ్‌ను నాట్ నల్ డిఫాల్ట్ 0 చెయ్యి. మైఎస్‌క్యూఎల్ 8.0.16 లేదా కొత్తదైతే ‘పెయిడ్ ఇన్ (0, 1)’ అని చెక్ కూడా పెట్టు, పాత వర్షన్లు దాన్ని చదివి వదిలేస్తాయి.

నన్నడిగితే ఇక్కడ పెయిడ్ బదులు చెల్లించిన తేదీ ఉండే కాలమ్ మేలు. రైతు అడిగేది ఎప్పుడిచ్చారనే కదా. తేదీ నల్‌గా ఉంటే బాకీ, ‘ఈజ్ నల్’ అని రాస్తే ఆ వరుసలన్నీ వస్తాయి.