1453 కంటే ముందే మొదలైన పునరుజ్జీవనం

మీ ప్రశ్న ఇది: "1453లో కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) తురుష్కుల చేతికి చిక్కింది, గ్రీకు పండితులు పుస్తకాలు పట్టుకుని ఇటలీకి పారిపోయారు, దాంతో సాంస్కృతిక పునరుజ్జీవనం మొదలైంది అని గైడ్లలో రాస్తున్నారు. నిజమేనా?"

కొంతే నిజం. ప్రాచీన గ్రీకు, రోమన్ చదువులను, కళలను మళ్ళీ బతికించిన ఆ ఉద్యమానికి 1453 ఊపునిచ్చింది, దాన్ని పుట్టించలేదు. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలు ఏటా ఇదే అడుగుతారు. మా అమ్మాయి ఇటలీలోని ఫ్లారెన్స్‌లో చదువుకునే రోజుల్లో వేసవి సెలవులు ఆమె దగ్గర గడిపాను. అప్పుడు చూసినవాటితో కలిపి చెబుతాను.

ముందు తేదీలు చూడండి. ఇటలీ కవి పెట్రార్క్ వెరోనా నగరంలో ప్రాచీన రోమన్ వక్త సిసిరో ఉత్తరాల ప్రతిని కనిపెట్టింది 1345లో. మాన్యుయెల్ క్రిసొలోరస్ అనే గ్రీకు పండితుడు కాన్‌స్టాంటినోపుల్ నుంచి వచ్చి ఫ్లారెన్స్‌లో గ్రీకు పాఠాలు మొదలుపెట్టింది 1397లో. ఆయన పారిపోయి రాలేదు, పిలిస్తే వచ్చాడు. పిలిపించింది ఆ నగర ప్రభుత్వమే. అంటే ఆ పతనానికి అర్ధశతాబ్దం ముందే అక్కడివాళ్ళకు గ్రీకు నేర్చుకోవాలన్న కోరిక ఉంది, గురువుకు జీతం ఇచ్చే స్తోమతా ఉంది. ఆ డబ్బు ఉన్ని వ్యాపారం నుంచి, బ్యాంకుల నుంచి వచ్చిందే.

ఫ్లారెన్స్‌లో బార్గెల్లో అని ఒక మ్యూజియం ఉంది. అక్కడ రెండు కంచు పలకలు ఉంటాయి, ఒక్కొక్కటి గోడకు తగిలించుకునే పటం అంత. నగరంలోని బాప్తిస్మ మందిరానికి కొత్త తలుపులు చేయించాలని బట్టల వర్తకుల సంఘం 1401లో పోటీ పెట్టింది. అబ్రహాము తన కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోయే ఘట్టాన్ని అందరూ చేసి చూపించాలి. వాటిలో గిబెర్టీ, బ్రూనెలెస్కీ అనే ఇద్దరు కళాకారులు చేసినవి మిగిలాయి. పక్కపక్కన చూస్తే గంటసేపు కదలబుద్ధి కాదు.

గిబెర్టీ పలకలో ఇస్సాకు మోకాళ్ళ మీద ఉంటాడు, ఒంటి మీద బట్ట లేదు. ఛాతీ, పొట్ట కండలు, మెడ తిప్పిన తీరు అచ్చం పాత రోమన్ శిల్పం. బ్రూనెలెస్కీ పలకలో దేవదూత దూసుకొచ్చి అబ్రహాము మణికట్టును గట్టిగా పట్టేసుకుంటాడు. కింద ఎడమ మూల ఒక పనివాడు వంగి కాలి ముల్లు తీసుకుంటుంటాడు. ఆ ముల్లు తీసుకునే భంగిమ ప్రాచీన కాలం నుంచి వచ్చిన ఒక ప్రసిద్ధ కంచు బొమ్మది. ఇక రెండు పలకలకూ ఉన్న అంచు చూడండి. నాలుగు రేకుల చట్రం, పక్కా మధ్యయుగపు గోథిక్ పద్ధతి. చట్రం ఆ కాలానిది, లోపలి ఒళ్ళు వెయ్యేళ్ళ కిందటి రోముది. అప్పటికింకా యాభై ఏళ్ళ తర్వాతగానీ కాన్‌స్టాంటినోపుల్ పడిపోదు.

పోటీలో గిబెర్టీ గెలిచాడు. బ్రూనెలెస్కీ తర్వాత ఆ ఊరి పెద్ద చర్చికి గుమ్మటం కట్టాడు. 1296లో మొదలైన ఆ చర్చికి నడినెత్తిన దాదాపు 45 మీటర్ల ఖాళీ అలాగే ఉండిపోయింది. అంత వెడల్పుకి కింద నుంచి సెంట్రింగ్ కట్టాలంటే కలప చాలదు. ఆయన సెంట్రింగ్ లేకుండానే 1420లో మొదలుపెట్టి 1436కల్లా గుమ్మటం పూర్తి చేశాడు. పైకి 463 మెట్లు. ఆ మెట్లు రెండు గుమ్మటాల మధ్య సందులోంచి వెళ్తాయి, ఎందుకంటే అది లోపలొకటి, బయటొకటి. ఆ సందులో కొన్నిచోట్ల ఇటుకలు బయటికే కనిపిస్తాయి. పడుకోబెట్టిన ఇటుకల వరసల మధ్య కొన్నింటిని నిలబెట్టి చేపముల్లులా పేర్చాడు. సున్నం గట్టిపడేదాకా మిగతా ఇటుకలు లోపలికి జారకుండా ఆ నిలబెట్టినవే ఆపుతాయి. మేస్త్రీ పని తెలిసినవాళ్ళు ఎవరైనా అక్కడ ఆగిపోతారు.

నా దృష్టిలో అసలు సంగతి ఇక్కడే ఉంది. రోములోని ప్రాచీన ఆలయం పాంథియన్ గుమ్మటం కాంక్రీటుది, ఇది ఇటుకలది. బ్రూనెలెస్కీ రోము శిథిలాలు కొలిచి చూశాడని అతని జీవితచరిత్ర చెబుతోంది, కానీ కట్టింది మాత్రం రోమన్లు ఎన్నడూ కట్టని పద్ధతిలో. పునరుజ్జీవనం అంటే పాతదాన్ని యథాతథంగా తిరగరాయడం అనుకునేవాళ్ళకు ఈ ఒక్క కట్టడం చాలు.

ఇక పుస్తకాల సంగతి. పోజియో బ్రాచ్చొలీనీ పోపు కొలువులో గుమాస్తా. 1415లో ఆ పోపును పదవి నుంచి దించేసరికి ఈయనకు ఉద్యోగం పోయింది. ఆ ఖాళీలో ఆల్ప్స్‌కు ఉత్తరాన ఉన్న మఠాలు గాలించాడు. 1416లో సెయింట్ గాల్ మఠంలో రోమన్ వక్తృత్వ గురువు క్వింటిలియన్ గ్రంథం పూర్తి ప్రతి, 1417లో ఒక జర్మన్ మఠంలో రోమన్ కవి లుక్రీషియస్ కావ్యం దొరికాయి. కడపలో బ్రౌన్ దొర పండితుల్ని కూర్చోబెట్టి ప్రతులు పోల్చి శుద్ధప్రతులు రాయించిన కథ తెలిసినవాళ్ళకు ఈ పని విలువ చెప్పనక్కర్లేదు. పోజియో స్నేహితుడు నికోలీ పోగుచేసిన పుస్తకాలతోనే ఫ్లారెన్స్ బ్యాంకరు కోసిమో మెడిచి ఆ నగరంలోని శాన్ మార్కో మఠంలో గ్రంథాలయం పెట్టించాడు, 1444లో తెరిచారు. పొడవాటి హాలు, రెండు వరసల సన్నటి స్తంభాలు, బోలెడంత వెలుతురు. పుస్తకం చదువుకోవడానికే కట్టిన గది అని లోపల అడుగుపెట్టగానే అర్థమవుతుంది.

ఈ పుస్తకాలు మఠాల్లో ఎలా ఉన్నాయి అన్నది గైడ్లు అడగని ప్రశ్న. మధ్యయుగపు సన్యాసులు తరతరాలుగా నకళ్ళు రాసి దాచబట్టే ఉన్నాయి. ఆ కాలానికి "చీకటియుగం" అని పేరు పెట్టి వదిలేయడం వాళ్ళకు చేసే అన్యాయం. అలాగే అరబ్బులు. పైన చెప్పిన గిబెర్టీ ముసలితనంలో కళ మీద రాసిన రచనలో చూపు, వెలుతురు గురించి చెప్పేచోట అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైతమ్ రాసిన దృశ్యశాస్త్ర గ్రంథం నుంచి పేజీలకు పేజీలు తీసుకున్నాడు. దీన్ని యూరప్ సొంత కథగా మాత్రమే చెబితే సగం కథే అవుతుంది.

మరి 1453 వాటా? ఉంది. ఇటలీలో స్థిరపడ్డ గ్రీకు మతాధికారి కార్డినల్ బెస్సారియన్ ఆ పతనం చూసి కలవరపడి, గ్రీకు గ్రంథాలు నాశనమైపోతాయని తాపత్రయంతో సేకరించి 1468లో వెనిస్‌కు ఇచ్చేశాడు. దాదాపు అదే కాలంలో అచ్చుయంత్రం ఇటలీకి వచ్చింది, 1465లో రోము దగ్గరి సుబియాకో మఠంలో. ఒకటీ రెండూ ప్రతులుగా ఉన్న గ్రంథాలు వందల్లోకి మారింది అప్పుడే.

కాబట్టి పరీక్షలో బిట్ వస్తే, ఆప్షన్లలో 1453 తప్ప దగ్గరి సమాధానం లేకపోతే దాన్నే పెట్టండి, టెన్షన్ వద్దు. మెయిన్స్‌లో మాత్రం "1453 వేగం పెంచింది" అని రాసి, మొదట్లో 1397 గ్రీకు పాఠాలను, 1401 పోటీని పెట్టండి. తర్వాత ఇటలీ నగరాల సంపద, మఠాల నకళ్ళు, అరబ్బుల శాస్త్రం, అచ్చు, ఈ వరసలో రాస్తే జవాబు నిలబడుతుంది.