తెరపై చదివేది, ఎదురుగా కూర్చుని నేర్చేది

ప్రశ్న: ప్రభుత్వ శాఖల మేనేజర్లకు కొంత ఆన్‌లైన్‌లో, కొంత తరగతి గదిలో సాగే శిక్షణను రూపొందిస్తున్నాం. అందులో ఇస్లామిక్ నాయకత్వ సూత్రాలు కూడా ఉంటాయి. ఏది ఎక్కడ బోధించాలి?

జవాబు: భావనల పరిచయాన్ని ఆన్‌లైన్ భాగానికి వదిలేయండి. అప్పగించిన బాధ్యతలను హక్కుదారులకు చేర్చాలనీ, న్యాయంగా తీర్పు చెప్పాలనీ ఖురాన్ (4:58, అంటే 4వ అధ్యాయం, 58వ వచనం) ఆదేశిస్తుంది, ఇదే 'అమానత్'. విశ్వాసులు తమ వ్యవహారాలను పరస్పర సంప్రదింపులతో నడుపుకుంటారని 42:38 చెబుతుంది, ఇది 'షూరా'. వీటిని ఎవరి వీలును బట్టి వారు చదువుకుని, తమ సందేహాలను రాసుకుని తరగతికి రావచ్చు.

షూరాను మాత్రం వీడియో చూసి ఎవరూ నేర్చుకోలేరు. తరగతి గదిలో బదిలీ వివాదమో, టెండరు నిర్ణయమో ఇచ్చి, కింది స్థాయివారిని ముందుగా మాట్లాడనిచ్చి, మేనేజరు చివరగా మాట్లాడాలనీ, తోసిపుచ్చిన ప్రతి సలహాకూ కారణం రాయాలనీ నియమం పెట్టండి. పై అధికారి మౌనంగా వినడం ఎంత కష్టమో ఆ గదిలోనే తెలుస్తుంది. శిక్షణలో అత్యంత విలువైన గంట అదేనని నా నమ్మకం. ఆపై కొన్ని వారాలు కార్యాలయంలో పాటించి, ఆన్‌లైన్‌లో అనుభవం పంచుకోమనండి.

వచనాలు కంఠస్థం చేసినందుకు మార్కులు ఇవ్వకండి. ప్రభుత్వ సేవ అన్ని మతాలవారిదీ. ఈజిప్టుకు పాలకుడిగా నియమితుడైన మాలిక్ అల్ అష్తర్‌కు తొలినాటి ముస్లిం రాజ్యాధినేత ఖలీఫా అలీ రాసినదిగా ప్రసిద్ధమైన లేఖ, ప్రజలు ధర్మంలో సోదరులు, కాకుంటే సృష్టిలో సమానులు అంటుంది. ఇతర మతాల అధికారులున్న తరగతిలో చర్చను ఆ లేఖతోనే మొదలుపెట్టండి.