వరంగల్‌లో సిటీ బస్సులు పెంచమని ఎవరిని, ఎలా అడగాలి?

ముందు ఆర్టీసీ డిపో మేనేజర్‌ని. ఏ రూట్లో ఏ టైముకు బస్సు తిప్పాలో చాలావరకు అక్కడే తేలుతుంది. కొత్త బస్సులు కొనడం మాత్రం ఆయన చేతిలో ఉండదు. ఊరికే "బస్సులు చాలడం లేదు" అని రాస్తే ఆ కాగితం ఫైల్లోనే మగ్గుతుంది. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా హనుమకొండ చౌరస్తాలో కాజీపేట వైపు బస్సులు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఆపకుండా పోయాయి అన్నది ఓ వారం పాటు బస్సు నంబర్లతో సహా రాసి ఇవ్వండి. కాలేజీ పిల్లలు, ఎంజీఎం ఆసుపత్రికి డ్యూటీకి వెళ్లేవాళ్లు కూడా సంతకాలు పెడితే బరువుంటుంది. డ్రైవరు, కండక్టరు మీద అరవడం దండగ, టైంటేబుల్ వేసేది వాళ్లు కాదు.

2023 డిసెంబరు 9న మహిళలకు బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక రద్దీ పెరిగింది. "ఉచితం వల్లే ఈ తిప్పలు" అనే మాట నాకు సరైన వాదనగా తోచదు. మహిళలకిచ్చే జీరో టికెట్ కూడా మెషీన్‌లో నమోదవుతుంది కాబట్టి, ఎంతమంది ఎక్కుతున్నారో ఆర్టీసీ దగ్గర లెక్క ఉంటుంది. ఆ లెక్క సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజు కట్టి అడగొచ్చు; మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. అది చేతికొచ్చాక, మీ లెక్కతో జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.