చివరి టపా సంచి

ప్రశ్న: ఆర్కిటిక్ అన్వేషణకు వెళ్లి తిరిగి రాని ఫ్రాంక్లిన్ నౌకల నుంచి ఒక నౌకాధికారి ఇంటికి రాసిన ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయని చదివాను. ఓడలే రానప్పుడు ఉత్తరాలు ఎలా వచ్చాయి? అవి దినచర్యలా సాగుతాయట, ఎందుకని?

జవాబు: మీరు చదివినవి ఎరెబస్ నౌకలో సర్ జాన్ ఫ్రాంక్లిన్ తరువాతి స్థానంలో ఉన్న జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ ఉత్తరాలై ఉండవచ్చు. ఉత్తర అమెరికా పైభాగపు ఆర్కిటిక్ సముద్రం గుండా అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు చేరే వాయవ్య జలమార్గాన్ని వెదకడానికి ఎరెబస్, టెర్రర్ నౌకలు 1845 మే 19న ఇంగ్లండు నుంచి బయలుదేరినప్పుడు, సరుకులు మోస్తూ బరెట్టో జూనియర్ అనే రవాణా నౌక గ్రీన్‌లాండ్ పడమటి తీరంలోని డిస్కో అఖాతం దాకా వెంట వెళ్లింది. జులైలో సరుకులు అప్పగించి, అందరి ఉత్తరాలూ తీసుకుని అది వెనుదిరిగింది. నడిసముద్రంలో టపా ఉండదు కనుక రోజుకింత రాసి పెట్టుకుని, ఇంటివైపు వెళ్లే ఓడ దొరికినప్పుడు అంతా కలిపి పంపడమే మార్గం. ఆ ఉత్తరాలకు దినచర్య రూపం అలా వచ్చింది.

ఫిట్జ్‌జేమ్స్ రాసింది తనను పెంచిన కుటుంబపు కోడలు ఎలిజబెత్ కనింగ్‌హామ్‌కు. అందులో సాహసం తక్కువ, మనుషులు ఎక్కువ. మంచులో దారి చూపే రీడ్ అనే అనుభవజ్ఞుడి మాటలను ఆయన యాసతో సహా దింపాడు. ఉప్పుచేపను తాడుకు కట్టి సముద్రంలో ఈడుస్తున్న వంటవాళ్ల మనిషిని చూసి రీడ్ కేకలు వేశాడట: ఉప్పు పోయేది అలా కాదు, నీళ్లు మరుగు పట్టగానే పొయ్యి మీది నుంచి దించి, మళ్లీ మరగనివ్వకుండా వేడిగా ఉంచాలని! ఇంట్లో ఆడవాళ్లు చదివి నవ్వుకోవాలనే ఇది రాశాడని నాకనిపిస్తుంది.

అయితే ఈ ఉత్తరాలు మాత్రమే చదివితే సగమే తెలుస్తుంది. అదే చోటు నుంచి, అదే నెలలో టెర్రర్ నాయకుడు ఫ్రాన్సిస్ క్రోజియర్ తన మిత్రుడు జేమ్స్ క్లార్క్ రాస్‌కు రాసిన ఉత్తరం నిండా ఒంటరితనమే, కాలం మించిపోతోందన్న దిగులే.

ఆ తరువాత టపా లేదు. ఫిట్జ్‌జేమ్స్ చేతిరాత మళ్లీ కనిపించింది 1859లో, కెనడా ఆర్కిటిక్‌లోని కింగ్ విలియం ద్వీపంలో దొరికిన ఒక కాగితం మీద. దొరికినవారు దీనిని లండన్‌లోని నౌకాదళ కార్యాలయానికి పంపగోరుతున్నామని ఆరు భాషల్లో అచ్చు వేసిన ఫారం అది. అందరూ క్షేమమని 1847 మే 28న రాసిన మాటల చుట్టూ, ఖాళీ అంచుల్లో, 1848 ఏప్రిల్ 25న ఆయనే మళ్లీ రాశాడు: ఫ్రాంక్లిన్ 1847 జూన్ 11న మరణించాడు, మంచులో చిక్కిన ఓడలను విడిచిపెట్టాం, 105 మంది మిగిలాం. రేపు 26న దక్షిణాన ప్రధాన భూభాగంలోని బ్యాక్ నది వైపు బయలుదేరుతున్నామన్న చివరి ముక్కను మాత్రం క్రోజియర్ తన సంతకం దగ్గర చేర్చాడు.