యురేనస్‌ను వరుణుడు అనవచ్చా?

సందేహం: మా అమ్మాయి హిందీ పాఠంలో యురేనస్ పేరు అరుణ్, నెప్ట్యూన్ పేరు వరుణ్. తెలుగులోనేమో కొందరు యురేనస్‌నే వరుణుడనీ, నెప్ట్యూన్‌ను ఇంద్రుడనీ రాస్తున్నారు. ఏది సరైనది? శని దాకా మన పేర్లుండగా ఈ రెంటికీ ఇంగ్లీషు పేర్లెందుకు?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, అవి ఇంగ్లీషు పేర్లు కావు. ఒకటి గ్రీకుల ఆకాశ దేవుడిది, రెండోది రోమనుల సముద్ర దేవుడిది. బుధుడి నుంచి శని దాకా ఉన్నవాటిని మనవాళ్లు కళ్లారా చూశారు, నడక గమనించారు, పేర్లు పెట్టారు. ఒక చుట్టు తిరగడానికి 29 ఏళ్లకు పైగా పడుతుంది కాబట్టే ఆయన శనైశ్చరుడు, మెల్లగా నడిచేవాడు. యురేనస్‌ను హెర్షెల్ టెలిస్కోపులో పట్టింది 1781లో, నెప్ట్యూన్ దొరికింది 1846లో. వాటికి మన పురాణాల్లో పేరు లేకపోవడం లోటేమీ కాదు.

దేవుడికి దేవుణ్ణి జత కట్టి పేరు పెట్టడమే నాకు నచ్చని పని. పిడుగు పట్టిన రోమను దేవుడు జూపిటర్. ఆ లెక్కన గురుగ్రహం మనకు ఇంద్రుడు కావాలి, కానీ ఇంద్రుడి గురువైన బృహస్పతి అయ్యాడు. వాళ్ల వీనస్ దేవత, మన శుక్రుడు రాక్షస గురువు.

పేరు ఎలా పెట్టాలో తెలియాలంటే వరుణుడి కొడుకును చూడండి. అగస్త్యుణ్ణి అమరకోశం మైత్రావరుణి అంటుంది, అంటే మిత్రావరుణుల బిడ్డ. ఫిబ్రవరి నడిమిలో రాత్రి తొమ్మిదింటికి మీ ఊళ్లో దక్షిణానికి తిరిగి, చెయ్యి చాచి, దిగంతం నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టండి. రెండు పిడికిళ్ల ఎత్తున నిలకడగా వెలిగేదే అగస్త్య నక్షత్రం. రాత్రి ఆకాశంలో దానికంటే కాంతి గల నక్షత్రం ఒక్క సిరియసే. వింధ్యుణ్ణి వంచి, తిరిగొచ్చేదాకా లేవొద్దని చెప్పి దక్షిణానికి వచ్చిన ముని ఇక్కడే ఉండిపోయాడు. కాశి విడిచి రాలేక ఆయన పడ్డ వేదన శ్రీనాథుడి కాశీఖండంలో చదివి తీరాలి. ఆ కాశిలో ఈ నక్షత్రం ఒక్క పిడికిలి ఎత్తు దాటి పెద్దగా పైకి రాదు. ఇంకా ఉత్తరానికి పోతే నేలకు అంటుకుపోతుంది. పైగా ఇది తెల్లవారుజామున ఉదయించడం మొదలయ్యాక వానలు వెనకబట్టి శరత్తు వస్తుంది, బురదనీళ్లు తేరుకుంటాయి. కాళిదాసు రఘువంశం నాలుగో సర్గలో 'ప్రససాదోదయాదంభః కుంభయోనేః' అన్నది ఇదే: కుంభసంభవుడు, అంటే కుండలో పుట్టిన అగస్త్యుడు, ఉదయించగానే నీరు తేటపడింది. సముద్రాన్ని తాగిన మునికి నీటితో ఆ మాత్రం చనువుంటుంది. వరాహమిహిరుడు బృహత్సంహితలో అగస్త్యచారానికి ఒక అధ్యాయమే ఇచ్చాడు. కథ, దిక్కు, ఋతువు మూడూ కలిసిన పేరు అది. దక్షిణాన వేలాడే త్రిశంకుడిదీ అదే తీరు.

ఇక వరుణుడు. వానపడితే చాలు 'వరుణుడి ప్రతాపం' అని పత్రికలు శీర్షిక పెడుతున్నాయి. వాన ఇంద్రుడి పని, పర్జన్యుడి పని. వరుణుడు జలాధిపతి, పడమటి దిక్పాలకుడు. వేదపదాలకు అర్థాలు చెప్పిన నిరుక్తకారుడు యాస్కుడు ఆ పేరును 'వృణోతి', కప్పేవాడు అని విప్పాడు. యురేనస్ పేరుకు అసలు రూపమైన గ్రీకు ఊరనోస్‌కూ వరుణ శబ్దానికీ మూలం ఒకటేనని ఒకప్పుడు పాశ్చాత్య పండితులు అన్నా, ధ్వనులు కుదరక చాలామంది ఆ వాదం వదిలేశారు. పైగా 2000లో నెప్ట్యూన్‌కు ఆవల కనుగొన్న ఒక చిన్న గోళానికి 'వరుణ' అనే అంతర్జాతీయంగా పేరు పెట్టేశారు. రెంటికీ ఒకే పేరైతే పిల్లలకు టెన్షన్ తప్పదు.

అందుకని పాఠాల్లో యురేనస్, నెప్ట్యూన్ అనే రాయడం మేలు. సముద్ర సంబంధం ఉంది కనక కథ చెప్పేటప్పుడు నెప్ట్యూన్‌ను వరుణుడంటే తప్పుపట్టను. యురేనస్‌ను అనడానికి మాత్రం మనసొప్పదు. అరుణుడంటారా, ఆయన సూర్యుడి రథం మీద ముందు కూర్చునే సారథి. అంత దూరాన ఉన్న ఏడో గ్రహానికి ఆ పేరు ఎలా అతుకుతుంది? హిందీ పరీక్షలో మాత్రం మీ అమ్మాయిని అరుణ్ అనే రాయమనండి, అక్కడి పాఠం అది.